ఎర్ర కారులో ఇంటికి

"ఆ శబ్దం వినిపిస్తోందా?" అన్నాడు మొగుడు, బానెట్ కింద నుంచి తల బయటికి తీయకుండానే.

పెద్ద సిస్టర్ చెవి ఒగ్గి విన్నది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆస్పత్రిలో రోగుల గుండెలూ ఊపిరితిత్తులూ విన్న చెవి అది. ఇంజిన్ ఏ తేడా లేకుండా, ఒకే తీరున తిరుగుతోంది.

"నాకేం వినిపించట్లేదండీ."

"మామూలు చెవులకి వినిపించదులే. మూడో సిలిండర్ దగ్గర టిక్కుటిక్కుమంటోంది."

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఆకాశం వంక చూశాడు.

"సార్, టైమింగ్ బెల్టు మార్చాను. హెడ్ గాస్కెట్ వేశాను. బ్రేకులు కొత్తవి, క్లచ్ వెన్నలా ఉంది. ఇప్పుడే రెండు వీధులు తిప్పి తెచ్చాను. ఇంక చెయ్యడానికేం లేదు. హాయిగా తిరగడమే."

"నువ్వు తిప్పింది నలభైలో. ఇది నూట ఎనభైలో పోయే బండి. దీని రోగం దీనికి తెలియాలి, నాకు తెలియాలి."

ఆ రెండు తలుపుల ఎర్ర కారుకి పాతికేళ్లు. తొమ్మిదేళ్ల కిందట ఆస్పత్రి సర్జన్ ఒకాయన, నడుం పట్టేసి అంత కిందికి వంగి కూర్చోలేక, కారుచౌకగా ఇచ్చేశాడు. తనే తెచ్చి వీళ్లింటి షెడ్డులో పెట్టి, తాళంచెవి ఈయన చేతికిచ్చి, నడుం పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

అది మొదలు ఇంట్లో పెత్తనం ఎర్రదానిదే. కొత్త సామాను కొనే తాహతు లేదు కాబట్టి ఆయన ఆదివారాలన్నీ పాత ఇనుము కొట్లలో గడిచేవి. పెట్రోలు చిమ్మే నాజిళ్లు పెద్ద సిస్టర్ కుక్కర్‌లో ఉడికేవి. స్పార్క్ ప్లగ్గులు ఆవిడ పళ్లకుంచెతో తళతళలాడేవి. ఆస్పత్రిలో పారేసిన సెలైన్ గొట్టం ఒకటి అద్దం మీద నీళ్లు చిమ్మే ఉద్యోగంలో చేరింది. సాయంత్రం ఆఫీసు నుంచి బస్సు దిగగానే ఆయన చొక్కా మార్చుకుని, ఓ గంట ఇంజిన్ వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. ఫోనులో ఇలాంటి కార్లవాళ్ల గుంపు ఒకటుంది. అందులో ఆయన గురువుగారు. మలుపులో గేరు ఎప్పుడు మార్చాలో ఎక్కడెక్కడి కుర్రాళ్లో ఆయన్నే అడిగేవారు. ఆయన ఓపిగ్గా పేజీలు పేజీలు రాసేవాడు.

ఇంతా చేసి పెద్ద సిస్టర్ అందులో ఒక్కసారి కూడా ఊరేగలేదు. చెల్లెలి ఇంటికి బయల్దేరదామంటే రేడియేటర్ కారేది. సముద్రం చూసొద్దామంటే బేరింగు అరిచేది. ఒకసారి తోడల్లుడు సరదాపడి తాళంచెవి అడిగితే, "ఇది అందరి చేతికీ లొంగే రకం కాదు బావా" అన్నాడాయన. పోనీ తనే నేర్చుకుంటానంది పెద్ద సిస్టర్.

"దీనిమీదా? వారంలో క్లచ్ కాల్చేస్తావు!"

పెళ్లైన కొత్తలో, కొండదారుల్లో తను బండి నడిపిన కథలు ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నది ఆవిడ. అందుకని నమ్మింది. ఆ నమ్మకంతోనే ఇవాళ్టి కోసం ఎదురుచూసింది. ఇవాళ ఆవిడ రిటైర్మెంటు. "ఆ రోజు ఎర్రదాన్ని తెచ్చి ఆస్పత్రి మెట్ల ముందు ఆపుతా. రాణీలా ఎక్కి కూర్చుందువుగాని" అని ఆయన మాటిచ్చి ఏడాదయింది. ఆ మాట వార్డంతా చెప్పుకున్నది ఆవిడ.

"అయితే ఇవాళ కూడా బస్సేనాండీ?" అంది.

ఆ గొంతులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడే. కోపం లేదు.

"నేను తోలుకొస్తానమ్మా" అన్నాడు మెకానిక్.

"అక్కర్లేదు. మాటిచ్చింది నేను" అన్నాడాయన. గ్రీజు చేత్తోనే పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. "నాలుగింటికి మెట్ల ముందుంటా. ఒట్టు."

నాలుగైంది. పూలగుత్తి పట్టుకుని పెద్ద సిస్టర్ మెట్ల మీద నిలబడింది. వెనక నర్సులు, వాళ్ల వెనక సూపరింటెండెంటు. నాలుగున్నరైంది. సూపరింటెండెంటు రెండుసార్లు గడియారం చూసుకుని, మూడోసారి ఆవిడ వంక చూశాడు.

"అక్కా, అదిగో!" అని అరిచింది ఓ నర్సు.

మలుపులో ఎర్ర ముక్కు కనిపించింది. ఆ తర్వాత మిగతా కారు. ఆ తర్వాత, ఒక చెయ్యి కిటికీలోంచి స్టీరింగ్ మీద వేసి, భుజం ఆనించి, ఒళ్లంతా చెమటతో కారుని తోసుకొస్తున్న మొగుడు. వెనక రెండు బస్సులు చెవులు చిల్లులుపడేలా హారన్లు కొడుతున్నాయి.

నర్సులు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. "పాత బళ్లింతేనమ్మా" అని సూపరింటెండెంటు ఓదార్చాడు. పెద్ద సిస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. గబగబా మెట్లు దిగింది.

"మళ్లీ ఏమొచ్చి చచ్చింది దీనికి?"

"మూడో సిలిండరు..." అన్నాడాయన రొప్పుతూ.

అంబులెన్సు డ్రైవరు సాయానికి పరుగెత్తుకొచ్చాడు. "ఉండండి సార్, చూస్తాను" అంటూ లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజిన్ గర్జించింది. ముందుకో బారెడు, వెనక్కో బారెడు నడిపి చూశాడు. "బంగారంలా ఉంది సార్!" అంటూ దిగి, తలుపు తీసి పట్టుకున్నాడు. "రండి, కూర్చోండి."

నర్సులు చప్పట్లు కొట్టారు. ఆయన కదల్లేదు.

పెద్ద సిస్టర్ ఆయన అరచేతులు తిప్పి చూసింది. రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఇంటి నుంచి ఆస్పత్రికి రెండు కిలోమీటర్లు.

"ఏమండీ, ఇంత బాగున్న కారుని ఇంతదూరం ఎందుకు తోసుకొచ్చారు?"

ఆయన ఓసారి అందరివంకా చూసి, ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"నాకు డ్రైవింగ్ రాదు."