తెర వెనక నాలుగో నంబరు

సామాజికశాస్త్ర విభాగం ఇంటర్వ్యూ గదికి అడ్డంగా తెర కట్టారు. నాటకాల గదిలోంచి మోసుకొచ్చిన ఎర్ర తెర. ముట్టుకుంటే దుమ్ము. ఆవల ఒక కుర్చీ. ఈవల ముగ్గురు ప్రొఫెసర్లు, వాళ్ల తుమ్ములు.

తెర ఆలోచన హెడ్డుగారిది. ఊరికే పుట్టలేదు. ఈ విభాగంలో ప్రొఫెసర్లంతా ఒకే అచ్చులో పోసినట్టున్నారనీ, ఖాళీ వచ్చిన ప్రతిసారీ వాళ్లకి తెలిసినవాళ్లే ఊడిపడుతున్నారనీ విద్యార్థులు వీసీకి మొర పెట్టుకున్నారు. వీసీ హెడ్డుగారిని పిలిచి తేల్చి చెప్పేశారు. ఈసారి కూడా మీ మనిషినే తెచ్చుకుంటే పోస్టు పక్క విభాగానికి పోతుంది. ఉన్నదే ఒక్క ఖాళీ. అది పోతే హెడ్డుగారి పరువూ దాని వెంటే పోతుంది.

"ఒకే అచ్చు ఏంటండీ?" మీసాలాయన ఇంకా ఉడుక్కుంటూనే ఉన్నాడు. "నాకు మీసాలున్నాయి. మీకు లేవు. పెద్దాయనకి జుట్టే లేదు. ఇంతకంటే వైవిధ్యం ఏం కావాలి వీళ్లకి?"

పెద్దాయన తల నిమురుకున్నాడు.

హెడ్డుగారు నియమాలు మళ్లీ వినిపించారు. "పేరు అడగకూడదు. ఊరు, ఇంటిపేరు, చదివిన కాలేజీ, ఏదీ వద్దు. దరఖాస్తులు ఆఫీసువాళ్లు చూసుకున్నారు. మనకి నంబర్లే. మనలో ఏ ఒక్కరు గొంతు గుర్తుపట్టినా ఆ అభ్యర్థి ఇంటికే."

"తెలిసినవాడు కావడమే నేరమా?"

"ఈ ఒక్కరోజుకి నేరమే."

మొదటి నంబరు వచ్చి కూర్చున్నాడు. "నమస్కారమండీ. మా గురువుగారు మీకు బాగా తెలుసు. ఆయనే నన్ను..."

"గురువుగారిని బయట వదిలేసి మాట్లాడు నాయనా," అన్నారు హెడ్డుగారు.

గురువుగారు లేకుండా అతనికి మాట పెగల్లేదు.

రెండో నంబరు నోరు తెరవకముందే దగ్గాడు. మీసాలాయన మొహం చాటంతయింది.

"మా బావమరిది కొడుకు," అని గొణిగాడు.

హెడ్డుగారు పెన్ను కింద పెట్టారు. "ఒక్క దగ్గుకే పట్టేశారా?"

"మనవాడి దగ్గు మనకి తెలీదా ఏంటండీ?" అనేసి మీసాలాయన నాలిక్కరుచుకున్నాడు. రెండో నంబరు ఇంటికి.

మూడో నంబరు ఒక పుస్తకం మొత్తం గడగడా అప్పజెప్పాడు. పెద్దాయన కునుకు తీశాడు. ఆ పుస్తకం పెద్దాయన రాసిందే.

నాలుగోది ఆడ గొంతు. తొందర లేని గొంతు.

"క్లాసులో నోరు విప్పని పిల్లలుంటారు. వాళ్లనేం చేస్తారు?" అడిగారు హెడ్డుగారు.

"విప్పరని ఎవరన్నారండీ? విప్పబోతారు. ఈలోగా ముందు బెంచీవాళ్లు అందుకుంటారు. నేను ముందు బెంచీని ఆపుతాను. వెనక బెంచీ దానంతటదే మాట్లాడుతుంది."

పెద్దాయన నిద్ర వదిలి సర్దుకు కూర్చున్నాడు.

"ఇంట్లో అందరికంటే ముందు చదువుకి వచ్చిన పిల్ల ఉందనుకోండి. సర్వే కోసం దూరం పంపించే స్తోమత ఆ ఇంట్లోవాళ్లకి లేదు. అప్పుడో?" అడిగాడు.

"సర్వే దూరంగానే చెయ్యాలని ఎక్కడుందండీ? తన వీధి మీదే రాయమంటాను. ఆ వీధి గురించి ఆ పిల్లకి తెలిసినంత మనకి తెలీదు కదా."

హెడ్డుగారికి ఒళ్లు పులకరించింది. ఈ మనిషిని వదులుకోకూడదు. "మా విభాగానికి వస్తే ముందుగా ఏం మారుస్తారు?"



"మీటింగులండీ. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదంటాను."

"మా దగ్గర ఆ ఇబ్బంది లేదమ్మా," అన్నారు హెడ్డుగారు ధీమాగా. "మేం ముగ్గురం బాగానే మాట్లాడుకుంటాం."

తెర వెనక కుర్చీ కిర్రుమంది.

హెడ్డుగారు ఇద్దరినీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు. ఇక్కడే ఆయనకి భయం. "నిజం చెప్పండి. ఎవరైనా గుర్తుపట్టారా?"

మీసాలాయన కళ్లు మూసుకుని చుట్టాలందరినీ ఓ చుట్టు చుట్టి వచ్చాడు. "అమ్మవైపు లేదు. నాన్నవైపు లేదు. అత్తారివైపు అసలే లేదు. ఇంత తెలివి అటువైపు ఎక్కడిదండీ?"

"నా శిష్యుల్లోనూ లేదు," అన్నాడు పెద్దాయన. "ఈ బిల్డింగులో ఇలాంటి మాట విన్న పాపాన పోలేదయ్యా నేను."

"అయితే బయటిమనిషే," హెడ్డుగారు ఊపిరి పీల్చుకున్నారు.

ముగ్గురూ సంతకాలు పెట్టేశారు. హెడ్డుగారు ఆగలేక అక్కడినుంచే వీసీకి ఫోన్ చేశారు. "అయిపోయిందండీ. ఈసారి మా మనిషి కాదు. అచ్చంగా కొత్త గొంతు. ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం. ఇక మార్చేది లేదు."

వీసీ అభినందించారు. హెడ్డుగారు లేచి, చొక్కా సర్దుకుని, నవ్వుతూ తెర తాడు లాగారు.

తెర వెనక కుర్చీలో కూర్చునుంది ఏళ్ల తరబడి ప్రతి సోమవారం మీటింగులో ఈ ముగ్గురికీ ఎదురుగా కూర్చుంటూ, నోరు తెరవబోయిన ప్రతిసారీ "మీది తర్వాత చూద్దామమ్మా" అనిపించుకుంటున్న వాళ్ల సొంత విభాగం కాంట్రాక్టు లెక్చరర్.