నచ్చకపోతే వాపసు

పట్టు చొక్కా డబ్బాలోంచి బయటికి తీసిన పది నిమిషాలకే టైలరమ్మ దాన్ని కొట్టేయాలని నిశ్చయించుకుంది. దొంగతనం అనే మాట ఆవిడకు గిట్టదు. ఆవిడ దృష్టిలో అది కంపెనీకి బుద్ధి చెప్పడం.

అసలు గొడవ మొదలుపెట్టింది కంపెనీయే. అరవై ఎనిమిదో పుట్టినరోజుకి కోడలు ముచ్చటపడి, తన ఖాతా మీద అత్తగారిని ఆ స్టైలింగ్ సర్వీసులో చేర్పించింది. ఎవరో స్టైలిస్టట, మనిషిని చూడకుండానే ఏం నప్పుతుందో చెప్పేస్తుందట. నెలకో డబ్బాలో ఐదు బట్టలు పంపుతారు. నచ్చినవి కొనుక్కోవచ్చు, నచ్చనివి ఐదు రోజుల్లో అదే డబ్బాలో వాపసు పంపాలి. ముందుగా ఒక ఫారం నింపాలి. మీ ఒంటి తీరు ఆపిల్ పండులా ఉంటుందా, బేరి పండులా ఉంటుందా అని అందులో మూడో ప్రశ్న. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరందరి కొలతలూ తీసిన మనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నే మరి.

మొదటి డబ్బాలో వచ్చిన ఐదూ బూడిద రంగువే. నడుమన్నదే లేని గోనెసంచులు. పైగా "మీ వయసుకు తగ్గ హుందాతనం" అని స్టైలిస్టు చీటీ. టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఐదూ వాపసు పంపేసి, కోడలి ఫోనులో ఆ ఫారం తెరిచి, వయసు నలభై రెండుగా దిద్దేసింది. మరుసటి నెల డబ్బా తెరిస్తే కళ్ళు చెదిరాయి. వెన్నలాంటి పట్టు, అసలు సిసలు లినెన్. కుట్టు మాత్రం పరమ చెత్త.

అంత మంచి బట్టను అంత అధ్వాన్నంగా కుట్టినవాళ్ళకే తిరిగి పంపాలంటే ఆవిడకు మనసొప్పలేదు. ఐదు రోజులంటే ఆవిడకు కావలసినదానికంటే నాలుగు రోజులు ఎక్కువే. బజారు నుంచి అదే రంగు చవక గుడ్డ తెచ్చింది. కోడలు ఆఫీసుకు వెళ్ళగానే కుట్టుమిషను మీది పూలకుండీ కిందికి దించి, ఆ చొక్కాకు ఒక కవలను కుట్టింది. కంపెనీ లేబులు విప్పి కవలకు తగిలించింది. గుండీలు మాత్రం చేత్తోనే కుట్టింది. మిషను కుట్టిన గుండీని ఆవిడ అసలు గుండీ కిందే జమకట్టదు. గుండీ కింద దారం మూడు చుట్లు తిప్పి, లోపల ఎడంపక్కన ముడేసి, ఆ ముడిని దాచేస్తూ ఇంకో కుట్టు. ఆవిడ కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

కవల డబ్బాలోకి, అసలుది బీరువాలోకి వెళ్ళాయి. ఏదీ నచ్చలేదమ్మా అని కోడలి ముందు పెదవి విరిచింది. అత్తగారికి ఏదీ నచ్చకపోవడం కొత్తేమీ కాదు కాబట్టి కోడలికి అనుమానం రాలేదు.

ఆరు నెలల్లో ఆరు బట్టలు. ఆ తర్వాత నెల డబ్బా రాలేదు. కంపెనీ మనిషి వచ్చాడు.

నలభై ఏళ్ళుంటాయి. వంకర కాలరు, వెలిసిన చొక్కా, దాని మూడో గుండీ ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. తనిఖీకి పంపడానికి బట్టల కంపెనీకి ఇంతకన్నా శుభ్రమైన మనిషి దొరకలేదు కాబోలు అనుకుంది టైలరమ్మ. సగం భయం అక్కడే పోయింది.

అతను వాపసు వచ్చిన ఆరింటినీ బల్ల మీద పరిచాడు. ఇవి మావి కావు, మావాటిలా ఎవరో కుట్టినవి అన్నాడు. పోలీసు కేసు పెట్టమని పైవాళ్ళ మాటట. ఖాతా కోడలిది కాబట్టి ముందు ఆమె పేరే రాయాల్సి వస్తుందట. కోడలి మొహం పాలిపోయింది. టైలరమ్మ ఇది ఊహించలేదు. ముచ్చటపడి బహుమతి ఇచ్చిన పాపానికి ఆ పిల్ల స్టేషను మెట్లెక్కడమా? అయినా ఆవిడ పైకి తొణకలేదు.

"నేను కుట్టు మానేసి ఏడేళ్ళయింది నాయనా. చూపు ఆనదు. సూదిలో దారం కూడా ఎక్కించలేను."

కోడలు అందుకుంది. అత్తయ్యకు పేపరు కూడా రోజూ తనే చదివి పెడతానంది. మిషను మీద పూలకుండీ ఎన్నేళ్ళుగా ఉందో మీరే చూడండంది. పాపం, నిజమని నమ్మే చెప్పింది కాబట్టి చాలా బాగా చెప్పింది. మీ గోడౌన్లో ఎవరి డబ్బా ఎవరికి పోతోందో ముందు అది చూసుకోండని టైలరమ్మ చిన్న సలహా కూడా పారేసింది. అరగంటకి అతను మెత్తబడ్డాడు. పొరపాటు మావాళ్ళదే అయ్యుంటుందని బట్టలు సంచీలో సర్దుకుని, ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దని లేచాడు.

టైలరమ్మ గుమ్మం దాకా సాగనంపింది. గండం గడిచింది. అరగంటగా ఆ వేలాడే గుండీ వైపు చూడకుండా ఉండటానికి ఆవిడ పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

"ఆగు నాయనా. దారిలో పడిపోతే మళ్ళీ అలాంటిది దొరకదు."

అతను వద్దన్నాడు, మొహమాటపడ్డాడు. ఆవిడ వింటేనా? కళ్ళజోడు కోసం కూడా వెతుక్కోకుండా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించి, రెండు నిమిషాల్లో కుట్టేసి, దారం పంటితో కొరికింది. రోజూ పేపరు చదివి పెట్టే కోడలి కళ్ళముందే.

అతను చొక్కా అంచు తిప్పి గుండీ లోపలి వైపు చూసుకున్నాడు. సంచీలోంచి పట్టు చొక్కా కవలను తీసి, దాని గుండీని పక్కన పెట్టాడు. మూడు చుట్లు. ఎడంపక్కన ముడి. ముడి మీద ఇంకో కుట్టు.

"మా దగ్గర గుండీలన్నీ మిషనే కుడుతుందమ్మా. ఈ ఆరింటికే ఎవరో చేత్తో కుట్టారు. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడు తెలిసింది. కోడలుగారి పేరు కొట్టేస్తాను."

టైలరమ్మ సూదికి మిగిలిన దారం చుట్టింది. ఊడిపోతున్న గుండీ చూసి జాలిపడటం కూడా నేరమేనా అని గొణిగింది.

"అది ఊడిపోవడం కాదమ్మా. పొద్దున్న మీ ఇంటికి బయల్దేరే ముందు నేనే బ్లేడుతో కోసుకున్నాను."