శనివారం నాన్న

పాప ఎవరి దగ్గర పెరగాలో ఇవాళ తేలిపోతుంది. పొద్దుట్నుంచీ అతను కోర్టు వరండాలోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కుటుంబ కోర్టు హాలు కిటకిటలాడుతోంది. పెళ్లికి మొహం చాటేసిన చుట్టాలు కూడా విడాకులకు తప్పకుండా దిగుతారు కదా. అతను చేతులు కట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ముందు వరసలో తెల్లచొక్కా ఆసామి ఒకడు ఫోను చూసుకుంటూ ఆవులిస్తున్నాడు. అటుపక్క పాప తల్లి కూర్చుంది. బట్టల కొట్లో పూట పని మానుకుని వచ్చింది. ఒళ్లో సంచి పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

ఆమె అతని ముఖం ఏనాడూ సరిగ్గా చూసింది లేదు.

ఇదే భవనంలో, పై అంతస్తులో ఒక గది ఉంది. అమ్మానాన్నలు విడిపోయిన పిల్లలు తమకు దూరమైన అమ్మనో నాన్ననో వారానికో గంట కలుసుకోవడానికి కోర్టువాళ్లు ఇచ్చిన గది. గోడ మీద కుందేలు బొమ్మ, చెవి ఊడిన ఎలుగుబంటి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. దానికి ఆటల గది అని పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అక్కడ ఆడేవాళ్లకంటే ఏడ్చేవాళ్లే ఎక్కువ.

ప్రతి శనివారం తల్లి పాపను గుమ్మం దాకా తీసుకొచ్చేది. పాప చెయ్యి అతనికి అందించి, మాటా పలుకూ లేకుండా మెట్లు దిగిపోయేది. కేసు మొదట్లో మొగుడూపెళ్లాలకు వరండాలో పెద్ద రభస అయింది. అప్పట్నుంచీ గంట పూర్తయ్యేదాకా ఆమె మళ్లీ పైకి రాకూడదని ఉత్తర్వు.

పాప పాలు మరవకముందే విడిపోయిన కాపురం అది. తండ్రి ముఖం గుర్తుండే వయసు కాదు. మొదటి శనివారం ఆ పిల్ల మూల కుర్చీలో కూర్చుని గంటసేపూ తలుపు వంకే చూసింది. ఏడవనైనా ఏడవలేదు. మరుసటి వారం అతను కాగితంతో కప్పను చేసి ఆ కుర్చీ పక్కన పెట్టాడు. పాప నవ్వలేదు గానీ, కప్పను గౌను జేబులో దాచుకుంది. ఆ తర్వాతి వారం సూటిగా అడిగేసింది.

"నువ్వేనా మా నాన్న?"

అతను "ఊఁ" అన్నాడు.

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. కానీ మర్నాటి నుంచే శనివారం ఎప్పుడొస్తుందా అని కాచుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో తిన్నావా అని అడిగే దిక్కులేని మనిషి మరి. వరసగా మూడు వారాలు రాకపోతే కలుసుకునే హక్కు రద్దవుతుందని రూలు. అతను ఒక్క వారం కూడా తప్పనివ్వలేదు. ఒళ్లు కాలిపోతున్నా మాత్ర మింగి వచ్చాడు. ఏనుగాట ఆడీ ఆడీ మోకాళ్లు దోక్కుపోయాయి. "లే నాన్నా, ఏనుగు అప్పుడే పడుకోదు" అని పాప వీపు మీద చరిస్తే, మళ్లీ లేచి గది చుట్టూ తిరిగేవాడు.

ఒకరోజు మంచినీళ్ల కోసం కిందికి దిగబోయాడు. మెట్ల కింద తల్లి ఎవరికో తన గోడు చెప్పుకుంటోంది.

"పిల్ల పోషణకు నెలనెలా ఇమ్మని కోర్టు చెప్పినా చిల్లిగవ్వ రాల్చడమ్మా. వారానికో గంట ఆడించి మంచివాడైపోయాడు. ఇంటికొస్తే నాన్న, నాన్న అని ఒకటే గోల. చాకిరీ చేసేది నేను, ముద్దొచ్చేది ఆయన."

అతను ఖాళీ సీసాతోనే పైకొచ్చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా వచ్చే శనివారానికి మళ్లీ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఆశ అలాంటిది, దాన్నేమనాలి?

తండ్రి తరఫు లాయరు లేచాడు. తన క్లయింటు ఒక్క వారమైనా మానకుండా కూతుర్ని చూసుకున్నాడని, అందుకు ఇక్కడి రికార్డే సాక్ష్యమని ఏకరువు పెట్టాడు. పాపను ఆయనకే అప్పగిస్తే ఇక పోషణ ఖర్చు ఊసే ఉండదన్నాడు. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం.

జడ్జిగారు అంతకుముందే పాపను లోపలి గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడి వచ్చారు. నోట్లో నువ్వుగింజ నానని వయసు ఆ పిల్లది. ఏం చెప్పిందో ఆవిడ అందరికీ చదివి వినిపించారు.

"నాన్న నాకు ఏనుగవుతాడు. నేను నాన్న దగ్గరికే వెళ్తా."

తల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. లాయరు చిన్నగా నవ్వాడు. తెల్లచొక్కా ఆసామి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అతనికి సంతోషం ఏ కోశానా లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే చాలు, ఈ సాయంత్రమే పాప తల్లిని వదిలి వెళ్లిపోతుంది. నోరు తెరిస్తే ఇక శనివారాలు ఉండవు, నాన్నా అనే పిలుపు ఉండదు. కూడు కూడా ఉండకపోవచ్చు. ఆ పిల్లను తన చేత్తోనే పోగొట్టుకోవాలి.

జడ్జిగారు కలం తీశారు. అతను గోడ వదిలి ముందుకు నడిచాడు. పోలీసాయన అడ్డం రాబోయినా ఆగలేదు. పాప తల్లి తలెత్తి, మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

ఏమిటని అడిగారు జడ్జిగారు.

"పాప వాళ్ల నాన్న, ఆ తెల్లచొక్కాయన, ఒక్క శనివారం కూడా రాలేదమ్మా, వచ్చాడని రాసిందీ, పిల్లను ఆడించిందీ ఆ గదికి బంట్రోతును, నేనే."