తాకట్టులో ఎండ

మే నెల పొద్దున్నే మేడ మీద నులక మంచం వాల్చి, బూడిదగుమ్మడి వడియాలు పెట్టి పైకి చూసింది సుభాషిణి. పేటలో ఎక్కడా ఎండ లేదు. రాత్రికి రాత్రి ఆకాశంలో నిలిపిన పెద్ద పెద్ద అద్దాలు దాన్నంతా గోదావరి అవతలి విల్లాల మీదికి మళ్ళించేస్తున్నాయి.

"అప్పిచ్చిన ఆ విల్లాలోళ్ళకి గవర్నమెంటు మన ఎండ తాకట్టు పెట్టేసిందంట వదినా! వడ్డీ కింద ఆళ్ళు వాడుకుంటారంట," అంది పక్కింటి వరాలు.

"ఎండనా?"

సుభాషిణికి నమ్మబుద్ధి కాలేదు. ఇద్దరూ వడియాల మంచాన్ని అలాగే మోసుకుని వంతెన దాటారు. విల్లాల కంచె ఇవతల, రోడ్డు మీద ఎండ చురుక్కుమంటోంది. హమ్మయ్య అనుకుని మంచం దించారో లేదో, కాపలావాడు ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"తియ్యండమ్మా, తియ్యండి! మీ నీడ లోపల అయ్యగారి ఎండ మీద పడతంది!"