తల్కాన్ కలిపిన డబ్బా

“ఇంక దాన్ని బాధపెట్టొద్దు ఆతా,” అంటూ పశువుల డాక్టరు మక్సత్ సంచిలోంచి శాశ్వతంగా నిద్రపుచ్చే సూది తీశాడు.

గొర్రెల కొట్టం పక్కన పాత కంబళి మీద పడుకుని ఉంది అక్తోష్. పదమూడేళ్ళ వేటకుక్క. మూడు వారాలుగా దాని కడుపు నిలవడం లేదు. తిన్నది తిన్నట్టే నీళ్ళయి పోతోంది. కంబళి పాడుచేసినందుకు సిగ్గుపడుతున్నట్టు ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఊరంతా ఆతా, పెద్దాయనా, అని పిలిచే ఇషెన్‌కుల్ ముసలాయన కర్ర మీద బరువు మోపి, కొండల వైపు తిరిగి నిలబడ్డాడు.

“వేటకుక్క. దాని రోజులు అయిపోయాయి. కానివ్వు,” అన్నాడు.

“కడుపులో పురుగులకు మందు వేశాను, విరేచనాలకు వేశాను. దేనికీ లొంగలేదు. లోపల గడ్డేదో ఉండుంటుంది,” అన్నాడు మక్సత్. “చివరిసారి అడుగుతున్నా. కొత్తగా ఏమైనా తినిపించారా?”

“లేదు,” అంది ముసలాయన భార్య బురుల్చా.

“లేదు,” అన్నాడు ముసలాయన కూడా, ఆమె మాట పూర్తికాకముందే.

బురుల్చా చేతుల్ని జేబుల్లో దాచుకుంది. ఆమె చెప్పింది అబద్ధం.

వంటింటి అరలో ఒక తెల్ల డబ్బా ఉంది. తండ్రి మోకాళ్ళ కోసం బిష్కెక్ నుంచి కూతురు పంపే కీళ్ళ పొడి, రోజుకు రెండు చెంచాలు. అక్తోష్ కాళ్ళీడ్చుకుంటూ నడవడం చూడలేక, దానికీ ఓ చిటికెడు వేద్దామని బురుల్చా చలికాలంలోనే అడిగింది. “కుక్కకు మందా? రేపు చొక్కా కూడా కుట్టించు,” అని ఎగతాళి చేశాడు ముసలాయన. అప్పటినుంచి ఆమె రోజూ పొద్దున్నే ఆ డబ్బాలోంచి ఒక చెంచా దొంగిలించి అక్తోష్ గంజిలో కలుపుతోంది. తగ్గింది తెలియకుండా డబ్బాలో ఒక చెంచా తల్కాన్, వేయించిన బార్లీ పిండి, పోస్తోంది. రెండూ ఒకే రంగు. పాత డబ్బా చివరికి సగం పిండే అయింది; మూడు వారాల కిందటే కొత్తది వచ్చింది.

నెల తిరిగేసరికి అక్తోష్ గుమ్మం మెట్లెక్కింది. ముసలాయన మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. పొద్దున్నే గోడ పట్టుకుని లేస్తాడు. “ఎలా ఉన్నాయి?” అని అడిగితే “తగ్గాయిలే” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా బురుల్చా తింటున్న రొట్టె పక్కన పెట్టేసేది. చిటికెడు తల్కాన్ నాలిక మీద వేసుకుని అది ఎవరింటి తిరగలిలో విసిరిందో చెప్పగల మనిషి, ఇన్నాళ్ళూ ఆ తేడా ఎలా పసిగట్టలేదో ఆమెకు అంతుబట్టలేదు.

ఇవాళ పొద్దున డాక్టరుకు కబురు వెళ్ళాక, కళ్ళజోడు పెట్టుకుని డబ్బా వెనక ఉన్న సన్న అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. మోతాదు మించితే కడుపు నడుస్తుందని ఉంది. డబ్బాను అరలో వెనక్కి తోసేసింది.

చెప్తే ఊరంతా టీ గిన్నెల చుట్టూ ఇదే మాట. మొగుడి మందు కుక్కకు పెట్టి, మొగుడికి పిండి తినిపించిన ఆడది. చెప్పకపోతే అక్తోష్ ఉండదు.

మక్సత్ వంగి అక్తోష్ ముందుకాలికి రబ్బరు గొట్టం కట్టాడు. అది తల తిప్పి బురుల్చాను చూసింది. ఎవరైనా ఊరెళ్ళడానికి బస్సెక్కుతుంటేనే చూడలేక కళ్ళు తిప్పుకునే మనిషి ఆమె. ఈసారి తిప్పుకోలేకపోయింది.

“ఆగు నాయనా,” అంది. “నేనే పెట్టాను. ఈయన మోకాళ్ళ పొడి. రోజుకో చెంచా.”

ముసలాయన కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

“డబ్బాలో ఆ మేరకు తల్కాన్ పోశాను. ముసలాయనా, ఇన్నాళ్ళూ నువ్వు తిన్నది సగం పిండే. నన్ను తిట్టు. మక్సత్ ముందే తిట్టు.”

 ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. కోపం అనుకుంది బురుల్చా. 

మక్సత్ డబ్బా తెప్పించుకుని చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఈ పొడి ఎక్కువైతే కుక్కలకు కడుపు నడుస్తుంది, నిజమే. ఆపేస్తే కుదుటపడుతుంది కూడా. కానీ ఇంత పెద్ద కుక్కకు రోజుకో చెంచా ఎక్కువేం కాదు బురుల్చా ఆపా. ఒక్క చెంచాకు మూడు వారాలు ఇలా కారదు. కనీసం మూడు పడాలి. అంత పెట్టారా?”

“ఒక్కటే. రొట్టె మీద ఒట్టు.”

“మరి ఇది పొడి వల్ల కాదు. మీ తప్పేం లేదు, బాధపడకండి,” అని మక్సత్ మళ్ళీ సూది అందుకున్నాడు.

తప్పు లేదన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. పరువు పోయింది, కుక్క కూడా దక్కడం లేదు. ఇంకో రెండు చెంచాలు దొంగిలించి ఉంటే ఎంత బాగుండునని మొదటిసారి అనిపించింది.

“మీరు లోపలికి వెళ్ళండి ఆపా. చూడకండి,” అన్నాడు మక్సత్.

“వెళ్ళను,” అంది బురుల్చా.

కర్ర కింద పడ్డ చప్పుడైంది. ఇషెన్‌కుల్ గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ వంచుతూ, పళ్ళు బిగబట్టి అక్తోష్ పక్కన కూలబడ్డాడు. సూదికీ కుక్కకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టాడు. భార్య వైపు మాత్రం చూడలేదు.

“సూది లోపల పెట్టెయ్ మక్సత్,” అన్నాడు నెమ్మదిగా. “నా వంతు రెండు చెంచాలూ రోజూ సాయంత్రం దానికే పెడుతున్నాను.”