సగం మీసం

సెలూన్ కుర్చీలో మొహం నిండా నురగతో కూర్చుని, రేపటి కేసు వాదనని అద్దానికి వినిపిస్తున్నాడు లాయరు. వెనక బెంచీ మీద ఎవరో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"నా క్లయింటు పక్కింటి పెద్దావిడ పెరట్లో నిమ్మచెట్టు కొట్టేసిన మాట నిజమే యువరానర్. కానీ ఆవిడంటే ఆయనకి కక్షా లేదు, కోపమూ లేదు. కక్షే లేనప్పుడు దురుద్దేశం ఎక్కడిది? అయినా చెట్టుదేముంది, మళ్ళీ మొలుస్తుంది."

"భలే చెప్పారు సార్," అంటూ బార్బరు కత్తి ఒక్క లాగు లాగాడు. ఎడమవైపు మీసం కాస్తా తువ్వాలు మీద పడింది.

లాయరు అద్దంలో చూసుకుని దిగ్గున లేచాడు. "నా మీద నీకేం కక్షయ్యా?"

"అబ్బే, కక్షేముంది సార్? పదేళ్ళుగా నా దగ్గరికే వస్తున్నారు. అయినా మీసందేముంది, మళ్ళీ మొలుస్తుంది."

"కక్ష ఉంటే ఎంత, లేకపోతే ఎంత? చెయ్యకూడదని నీకు తెలుసు. తెలిసి తెలిసి, సరైన కారణం లేకుండా నాకు నష్టం చేశావు. చట్టంలో దురుద్దేశమంటే అదే."

"అంతేనంటారా సార్?"

"ముమ్మాటికీ అంతే. ఏ జడ్జినైనా అడుగు."

బార్బరు తాపీగా కత్తి తుడుచుకుని బెంచీ వైపు తిరిగాడు.

"విన్నావుగా అత్తా. రేపు కోర్టులో నీ చెట్టు సంగతి అడిగితే, తడబడకుండా ఇదే చెప్పు."

పేపరు కిందికి దిగింది. దాని అంచు మీద రాసుకుంటున్న పెద్దావిడ పెన్సిలు ఆపి, లాయరు వైపు చూసింది.

"'తెలిసి తెలిసి' తరవాత ఏమన్నావు నాయనా?"