పాకల ఒడ్డున నీలి వెలుగు

అది 2001 పుష్యమాసం. చీకటి పడినా మా అల్లుడు పోలయ్య తెప్ప రాలేదు. మా ఊరు పాకల సముద్రపొడ్డున పొడి తువ్వాలుతో ఒక్కదాన్నే కూర్చున్నాను. వేట నుంచి వచ్చినవాడికి ఒడ్డునే ఒళ్ళు తుడవడం మా ఇంటి ఆనవాయితీ. ఎప్పుడో ఇదే నెలలో వేటకెళ్ళి తిరిగిరాని మా ఆయనకు తుడిచే భాగ్యం కలగలేదు.

వానలకు మిరప చేల ఎరువు వాగుల వెంట సముద్రానికి చేరుతుంది. దాన్ని తిని పుష్యానికల్లా కంటికి కనబడని నాచు పెరుగుతుందని ఎక్కడో చదివాను. అప్పుడు రాత్రిపూట ఏది తగిలినా నీళ్ళు నీలంగా వెలుగుతాయి.

దూరంగా తెడ్డు పడిన చోటల్లా వెలిగింది. కాసేపటికి తెప్ప ఒడ్డెక్కింది.

"జాగారమా అత్తా? నేను మునిగితే నీ పులుసులోకి చేపలెవడు తెస్తాడు?" అన్నాడు పోలయ్య.

నేను నవ్వలేదు. తెప్ప వెనక ఇంకో వెలుగు వస్తోంది, మనిషి చేతులేసి ఈదుతున్నట్టు. చప్పుడు మాత్రం లేదు.

"నీ వెనక ఎవరయ్యా?"

"ఎవరూ లేరత్తా. ఒక్కణ్ణే." తువ్వాలు కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు లుంగీతో తుడుచుకో" అన్నాను.

తువ్వాలు మడత విప్పి నీళ్ళలోకి దిగాను. నా పాదాల చుట్టూ నీలంగా వెలిగింది. తెప్ప వెనకటి వెలుగు కాసేపు ఆగి, నా వైపు తిరిగింది.